ఎవరు సంతకం పెట్టారు? చరిత్ర అధ్యయన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

కార్యదర్శిగా ఈ ఏటి కార్యకలాపాల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. నియమావళి ప్రకారం ఇందులో సమావేశాలు, గ్రంథాలయం, జమాఖర్చులు, వచ్చే ఏటి ప్రణాళిక ఉండాలి. అన్నీ ఉన్నాయి. అయితే పేజీల్లో ఎక్కువ భాగం సమావేశాలకే పోయింది. లెక్కల కోసం వచ్చినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ యూరప్‌లో నియంతృత్వాలు ఎలా తలెత్తాయన్నది ఈ ఏటి అంశంగా మీరే ఎంచుకున్నారు. అంశం మరీ పెద్దది, ఒక్క హిట్లర్‌తోనే ఏడాది గడిచిపోతుందని కొందరు అప్పుడే హెచ్చరించారు. అందుకని కార్యవర్గం ఒక హద్దు గీసుకుంది. గద్దె ఎక్కాక నియంత ఏం చేశాడన్న జోలికి పోకుండా, గద్దె ఎక్కిన ఆ కొద్ది రోజుల్లో ఏం జరిగింది, ఎవరు ఎక్కించారు అన్నదే చూశాం. యూదుల ఊచకోత గురించి, యుద్ధం గురించి మాట్లాడాలంటే అది మరో ఏడాది పని.

హాల్లో గోడకు 1920 నాటి యూరప్ పటం తగిలించాం. ఎన్నికైన పార్లమెంటు ఉన్న దేశాలకు పచ్చరంగు వేశాం. పార్లమెంటు మూతపడినా, ఉత్తుత్తిదైనా ఆ దేశం మీద నల్ల స్కెచ్‌పెన్నుతో గీతలు. హంగరీలో అడ్మిరల్ హోర్తీ రీజెంట్‌గా, అంటే రాజు లేని గద్దెకు రాజప్రతినిధిగా, కూర్చున్నది 1920లోనే కాబట్టి దానికి మొదటిరోజే గీతలు పడ్డాయి. తర్వాత నెల నెలా ఆ పెన్ను కదులుతూనే ఉంది.

ఇటలీతో మొదలుపెట్టాం. ముస్సోలినీ రోమ్ మీద దండెత్తి అధికారం గుంజుకున్నాడన్నది మనందరం బళ్ళో చదువుకున్న పాఠం. తేదీలవారీగా చూస్తే కథ వేరుగా ఉంది. 1921 ఎన్నికల్లో ఫాసిస్టులకు దక్కినవి 35 సీట్లు. అవి కూడా అప్పటి ప్రధాని జొలిత్తీ తన కూటమి జాబితాలో చోటు ఇవ్వబట్టి వచ్చినవి. 1922 అక్టోబర్ 27, 28 తేదీల్లో ముస్సోలినీ నల్లచొక్కాల దళాలు వానలో తడుస్తూ రోమ్ పొలిమేరలకు చేరాయి. సరైన ఆయుధాలు లేవు, తిండి లేదు. నగరంలో సైన్యం సిద్ధంగా ఉంది. ప్రధాని ఫాక్తా అత్యవసర పరిస్థితి ప్రకటన తయారుచేయించి, 28వ తేదీ ఉదయం సంతకం కోసం రాజు విక్టర్ ఇమాన్యుయేల్ దగ్గరికి తీసుకెళ్ళాడు. రాజు సంతకం పెట్టలేదు. అప్పటికి ముస్సోలినీ మిలాన్‌లో ఉన్నాడు. రాజు నుంచి కబురు అందాక రాత్రి రైలెక్కి వచ్చి 30న ప్రధాని అయ్యాడు.

ఆ తర్వాతి నెల సభలో జరిగిన విశ్వాస ఓటింగ్‌ను మన ఉపాధ్యక్షురాలు బోర్డు మీద రాసి చూపించారు: అనుకూలం 306, వ్యతిరేకం 116. సొంత సభ్యులు 35 మంది. మిగతా ఓట్లు ఎవరివి? ఉదారవాదులవి, కాథలిక్ పార్టీవి. కుర్రాడికి పదవి ఇస్తే దారికొస్తాడు, ఈలోగా సోషలిస్టుల అల్లరీ అణుగుతుంది అనుకున్న పెద్దమనుషులవి. మరుసటి ఏడు అదే సభ అచెర్బో చట్టానికి ఒప్పుకుంది. 25 శాతం ఓట్లు దాటి మొదటి స్థానంలో నిలిచిన జాబితాకు మూడింట రెండొంతుల సీట్లు ఇచ్చేయాలని ఆ చట్టం. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

మత్తెయోత్తీ గురించి మాట్లాడిన రోజు హాలు నిండింది. 1924 మే 30న ఆ సోషలిస్టు సభ్యుడు సభలో లేచి, ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాలను ఊరూవాడా పేర్లతో సహా చదివాడు. అరుపులు, బల్లలు చరచడం మధ్యనే చదివాడు. జూన్ 10న రోమ్‌లో టైబర్ నది ఒడ్డున, ఇంటి దగ్గరే, ఆయన్ని కారులోకి లాగి ఎత్తుకుపోయారు. శవం ఆగస్టు 16న దొరికింది. దేశమంతా ముస్సోలినీ పని అయిపోయిందనుకుంది. ప్రతిపక్షాలు సభను బహిష్కరించి, రాజు ఏదో చేస్తాడని ఎదురుచూశాయి. రాజు ఏమీ చేయలేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ అదే సభలో జరిగినదానికంతటికీ బాధ్యత నాదేనని చెప్పి మరీ నిలబడ్డాడు. బహిష్కరించకుండా లోపలే ఉండి పోరాడాల్సిందని సభ్యుల్లో సగం మంది, ఉన్నా ఒరిగేదేమీ లేదని మిగతా సగం వాదించారు. నా మటుకు మొదటి పక్షం. ఖాళీ కుర్చీలు ఓటు వేయవు.

జర్మనీకి రెండు సమావేశాలు పట్టాయి. మన కోశాధికారిగారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. అంకెలు ఆయన చేతిలో పడితే వదలరు. 1923 నవంబర్‌లో డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరిందని చెప్పి, అందరం నోరు తెరిచేలోగా రెండో అంకె వేశారు: 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం, సీట్లు 12. కరెన్సీ కాగితాలను బండ్లలో తోసుకెళ్ళిన జనమే హిట్లర్‌ను తెచ్చిపెట్టారన్న వాదన ఈ రెండు అంకెల నడుమ నిలవదని ఆయన పట్టు. 1929 మాంద్యం తర్వాతే 1930లో 107 సీట్లు, 1932 జులైలో 230. నిరుద్యోగులు 60 లక్షలు దాటిన రోజులవి. కానీ అదే ఏడు నవంబర్‌లో మళ్ళీ ఎన్నికలు జరిగితే నాజీలకు 20 లక్షల ఓట్లు తగ్గి సీట్లు 196కు పడ్డాయి. అంటే హిట్లర్ చాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) అయ్యే వేళకు పార్టీ దిగుతోంది, ఎక్కడం లేదు.

మరి ఎలా అయ్యాడు? అప్పటికి మూడేళ్ళుగా, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ రాసుకున్న వైమార్ రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకాలతోనే పాలన సాగుతోంది. 1931లో పార్లమెంటు చేసిన చట్టాలు 34, అధ్యక్షుడి అత్యవసర ఉత్తర్వులు 44. చట్టసభ లేకుండా బండి నడుస్తుందని జనానికీ, అధికారులకూ అప్పటికే అలవాటైపోయింది. 1933 జనవరి 30న హిట్లర్‌తో పాటు మంత్రివర్గంలో ఉన్న నాజీలు ఇద్దరే, ఫ్రిక్, గోరింగ్. చక్రం తిప్పిన మాజీ చాన్సలర్ పాపెన్ ఉపచాన్సలర్‌గా కూర్చుని, రెండు నెలల్లో ఇతన్ని మూలకు నెట్టేస్తామని తెలిసినవాళ్ళ దగ్గర గొప్పలు పోయాడు. సరిగ్గా రెండు నెలలు గడవకముందే, మార్చి 23న, పార్లమెంటు తన అధికారాన్ని తానే హిట్లర్ ప్రభుత్వానికి అప్పగించేసింది.

ఆ సభ, ఫిబ్రవరి చివర్లో మంటల్లో కాలిన పార్లమెంటు భవనంలో కాక క్రోల్ ఒపేరా హాల్లో జరిగింది. వరండాల్లో యూనిఫారాల్లో నాజీ దళాలు. 81 మంది కమ్యూనిస్టు సభ్యులను లోపలికే రానివ్వలేదు. సోషల్ డెమొక్రాట్లలో కొందరు జైల్లో, కొందరు పరారీలో. వాళ్ళ నాయకుడు ఒట్టో వెల్స్ ఒక్కడే లేచి, మా స్వేచ్ఛనూ ప్రాణాలనూ తీసుకోవచ్చుగాని గౌరవాన్ని తీసుకోలేరని చెప్పాడు. ఓట్లు 444, 94. వ్యతిరేకించిన 94 మందీ ఆయన పార్టీవాళ్ళే. కాథలిక్ సెంటర్ పార్టీ మాత్రం హిట్లర్ రాసిస్తానన్న హామీపత్రాన్ని నమ్ముకుని అనుకూలంగా ఓటేసింది. ఆ కాగితం ఇప్పటికీ అందలేదు.

నవ్వొచ్చే కథ, నవ్వలేని కథ ఆస్ట్రియాది. 1933 మార్చి 4న వియన్నా పార్లమెంటులో రైల్వే కార్మికుల సమ్మె మీద ఓటింగ్. జీతాలు వాయిదాల్లో ఇస్తామన్నందుకు వాళ్ళు పని ఆపారు, ప్రభుత్వం శిక్షిస్తానంటోంది. బలాబలాలు ఒక్క ఓటు దగ్గర ఊగుతున్నాయి. సభాపతికి ఓటు లేదు కాబట్టి సోషల్ డెమొక్రాట్ రెన్నర్, పార్టీకి ఓటు కలిసొస్తుందని సభాపతి పదవికి రాజీనామా చేశాడు. అవతలి పక్షం ఉపసభాపతి కూడా అదే లెక్కతో దిగిపోయాడు. మూడో ఆయనా దిగిపోయాడు. సభను ముగించామని చెప్పడానికి కూడా కుర్చీలో ఎవరూ లేక సభ్యులు ఇళ్ళకు పోయారు. చాన్సలర్ డోల్ఫుస్ ఇదే అదను అనుకుని, పార్లమెంటు తనను తానే రద్దు చేసుకుందని ప్రకటించి, 1917 నాటి యుద్ధకాలపు చట్టం ఒకటి దుమ్ముదులిపి దాంతో పాలించాడు. 15న సభ్యులు మళ్ళీ కూడబోతే పోలీసులు అడ్డుపడ్డారు. మరుసటి ఫిబ్రవరిలో తిరగబడిన కార్మికుల ఇళ్ళ మీద ప్రభుత్వ ఫిరంగులు పేలాయి. జులైలో డోల్ఫుస్‌ను ఆస్ట్రియన్ నాజీలు కాల్చి చంపారు.

మిగతా దేశాలను ఒక్క సాయంత్రంలో గబగబా దాటాం. పార్లమెంటు మూలపడిన వరస ఇది: 1926 మేలో పోలండ్‌లో సైన్యంతో వచ్చిన మార్షల్ పిల్సుడ్‌స్కీ, అదే నెలలో పోర్చుగల్‌లో సైన్యం, 1929 జనవరిలో యుగోస్లావియా రాజు అలెగ్జాండర్, 1934లో ఎస్టోనియా, లాట్వియా, బల్గేరియా, 1936లో గ్రీసులో మెటక్సాస్. పోర్చుగల్ దగ్గర మాత్రం కోశాధికారిగారు కాస్త ఆగమన్నారు. అక్కడ తర్వాత నియంత అయిన సలజార్ తుపాకీతో రాలేదు, కొయింబ్రా విశ్వవిద్యాలయం అర్థశాస్త్ర ఆచార్యుడు. 1928లో ఆర్థికమంత్రిగా వస్తూ, ఏ శాఖ ఖర్చయినా తన అనుమతితోనే జరగాలని షరతు పెట్టాడు. 1968 దాకా దిగలేదు.

స్టాలిన్‌ను ఎందుకు వదిలేశారని కొందరు సభ్యులు గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఒక సమావేశం ఆయనకే ఇచ్చాం. రష్యాలో మూతపడటానికి పార్లమెంటే మిగల్లేదు. ఎన్నికైన రాజ్యాంగ సభను లెనిన్ పక్షం వాళ్ళు 1918 జనవరిలో ఒక్క సమావేశంతోనే చెదరగొట్టేశారు. 1922లో కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన స్టాలిన్ పార్టీ నియామకాల ఫైళ్ళు చేతిలో పెట్టుకుని పైకొచ్చాడు. కార్యదర్శి పదవిని తేలిగ్గా తీసుకోవద్దని ఒక సభ్యుడు నావైపు చూసి అన్నారు. రికార్డులో ఉండాలని ఇక్కడ రాస్తున్నాను.

మనవాళ్ళ ప్రసక్తీ వచ్చింది. 1926లో టాగూర్ ముస్సోలినీ అతిథిగా ఇటలీ వెళ్ళి పొగిడారు, బయటికొచ్చాక సంగతులు తెలిసి పత్రికాముఖంగా ఖండించారు. 1931 డిసెంబర్‌లో గాంధీ రోమ్‌లో ముస్సోలినీని కలిశారు. 1936లో భార్య పోయిన దుఃఖంలో తిరిగొస్తూ రోమ్‌లో ఆగిన నెహ్రూ, ఎంత ఒత్తిడి పెట్టినా కలవనన్నారు.

ఏడాదంతా అందరూ ఎదురుచూసిన సమావేశం, నియంతృత్వం గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఫిన్లాండ్‌ది. అక్కడా మాంద్యమే, కమ్యూనిజం భయమే, పక్కనే రష్యా. లాపువా ఉద్యమం పేరుతో తీవ్రవాదులు 1930లో మాజీ అధ్యక్షుడు స్టాల్‌బర్గ్‌నే భార్యతో సహా కారులో ఎత్తుకుపోయారు. 1932 ఫిబ్రవరి చివర్లో మెంత్సెలా దగ్గర ఆయుధాలు పట్టుకుని తిరగబడ్డారు. అధ్యక్షుడు స్విన్‌హుఫ్వుద్ కరుడుగట్టిన కుడిపక్షం మనిషి, వీళ్ళ మద్దతుతోనే గెలిచినవాడు. అయినా మార్చి 2న రేడియోలో మాట్లాడి ఇళ్ళకు పొమ్మన్నాడు. చాలామంది పోయారు. కమ్యూనిస్టులను అణచడానికి లాపువావాళ్ళే పట్టుబట్టి చేయించుకున్న చట్టం కిందే వాళ్ళ ఉద్యమాన్ని నిషేధించారు. బెల్జియంలో 1937 ఏప్రిల్‌లో ఫాసిస్టు నాయకుడు దెగ్రెల్ ఉపఎన్నిక తెచ్చిపెడితే, కాథలిక్కుల నుంచి కమ్యూనిస్టుల దాకా ప్రధాని వాన్ జీలాండ్ ఒక్కడి వెనకే నిలిచి చిత్తుగా ఓడించారు.

ఆకలీ, భయమూ, ఓడిన యుద్ధపు అవమానమూ నియంతను గుమ్మం దాకా తెస్తాయి, గడప దాటించేది లోపలి పెద్దమనిషి సంతకం అని నేను మినిట్స్‌లో రాశాను. కోశాధికారిగారు ఒప్పుకోలేదు. పోలండ్‌లో మూడురోజులు వీధుల్లో కాల్పులు జరిగాయి, అక్కడ సంతకమెక్కడిదని ఆయన ప్రశ్న. ఆయన అసమ్మతినీ నమోదు చేశాం.

గ్రంథాలయానికి ఒక పెద్ద అట్లాసు కొన్నాం. రెండు పుస్తకాలు తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో రిజిస్టర్లో ఉంది, పేర్లు చదవను. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక మీ అందరికీ విడిగా అందింది. హాలు అద్దె పెరిగింది, చందా పెంచాలా వద్దా అన్నది మీ నిర్ణయం.

వచ్చే ఏటికి కార్యవర్గం ప్రతిపాదన ఒకటే: నియంతృత్వాలు ముగిసిన తీరు. 1974 ఏప్రిల్‌లో పోర్చుగల్, జులైలో గ్రీసు, 1975లో ఫ్రాంకో మరణం తర్వాత స్పెయిన్. దీన్ని, చందా విషయాన్ని విడివిడిగా ఓటింగ్‌కు పెట్టాలని అధ్యక్షులవారిని కోరుతున్నాను.

కార్యదర్శి