ఎండుటాకుల కింద సంగతులు

రవీ,

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన ఒక మాట ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "ఆకులు రాలతాయి, కుళ్ళతాయి, మట్టిలో కలుస్తాయి, అందులో తెలుసుకోడానికి ఏముంది?" అన్నావు. చాలా ఉందిరా. అవే ఆకులైనా, వాటిని తినేది ఎవరన్నదాన్ని బట్టి కింది మట్టి మారిపోతుంది.

ఆకులు కుళ్ళి మట్టిలో కలిసే తీరుని బట్టి అడవి నేల పైపొరని మల్, మోడర్, మోర్ అని మూడు రకాలుగా చెప్తారు. ముందు మల్ గురించి చెబుతాను, నాకు దానిమీదే ప్రేమ ఎక్కువ. ఆకురాల్చే అడవిలో ఎండుటాకుల్ని చేత్తో పక్కకి నెడితే, పైన పల్చగా ఆ ఏడు రాలినవే ఉంటాయి. పోయినేటి ఆకులు దాదాపు కనపడవు. వెంటనే నల్లటి, గుల్లగా ఉన్న మట్టి తగులుతుంది. పిడికిట్లో నొక్కి వదిలితే రవ్వరవ్వగా విడిపోతుంది. ఇది ముఖ్యంగా వానపాముల పని. రాత్రిపూట బొరియలోంచి సగం బయటికొచ్చి ఆకుల్ని లోపలికి లాక్కుపోతాయి. డార్విన్ ఏళ్ల తరబడి వీటిని గమనించి, ఎక్కువసార్లు ఆకుని సన్నటి కొస దగ్గరే పట్టుకుంటాయని 1881లో రాశాడు. అలా అయితే బొరియలోకి సులువుగా దూరుతుంది కదా! ఆకు ముక్కలూ బంకమట్టీ వానపాము పేగులో కలిసి బయటికొచ్చేసరికి, హ్యూమస్ (ఆకులు కుళ్ళగా మిగిలే నల్లటి పదార్థం), బంకమట్టి గట్టిగా అతుక్కుని ఉంటాయి. కాల్షియం వాటి మధ్య జిగురులా పనిచేస్తుంది. అందుకే వాన పడినా ఆ రవ్వలు తేలిగ్గా చితకవు. నీళ్ళు ఇంకుతాయి, వేళ్ళకి గాలి ఆడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు మోర్. అక్కడ వానపాములు దాదాపు ఉండవు, పనంతా బూజుదే. ఆకులు ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పేరుకుంటాయి, తెల్లటి దారాలు వాటిని కుట్టేసినట్టు పట్టి ఉంచుతాయి. పాత చాపని ఎత్తినట్టు ఎత్తితే కింది మట్టి నుంచి ఊడి వస్తుంది. అందులోంచి దిగే ఆమ్లాలు ఇనుమునీ అల్యూమినియాన్నీ కిందికి లాక్కుపోతే, పైన బూడిదరంగు ఇసుక పొర మిగులుతుంది. అలాంటి నేలని పోడ్జోల్ అంటారు. మోర్ ఎక్కువగా పైన్ లాంటి సూదాకు చెట్ల కింద కనిపిస్తుంది.

కానీ నన్ను ఆశ్చర్యపరిచింది ఇది. 1870ల చివర్లో డెన్మార్క్‌లో మ్యూలర్ అనే అటవీ అధికారి బీచ్ చెట్ల అడవుల నేలని తవ్వి చూశాడు. బీచ్ అనేది అక్కడి ఆకురాల్చే చెట్టు. ఆ ఒక్క చెట్టు కిందే కొన్నిచోట్ల మల్, కొన్నిచోట్ల మోర్ దొరికాయి! ఆ రెండు పేర్లూ అక్కడి భాషలోవే. అంటే చెట్టు ఒక్కటే అంతా తేల్చదు. కింద ఇసుకా బంకమట్టా, సున్నం ఉందా, వానపాములు బతకగలవా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

ఈ రెంటికీ మధ్యది మోడర్. ఓక్, బీచ్ అడవుల్లో తరచుగా కనిపిస్తుంది. వాటి ఆకుల్లో టానిన్లు, లిగ్నిన్ లాంటి తేలిగ్గా కుళ్ళని పదార్థాలు ఎక్కువ కాబట్టి కుళ్ళడానికి రెండుమూడేళ్ళు పడుతుంది. యాష్, ఎల్మ్, ఆల్డర్ ఆకులైతే మంచి నేల మీద ఏడాదిలోపే చాలావరకు మాయమవుతాయి. మోడర్‌లో పనిచేసేవి చిన్న చిన్న పురుగులు, రోకలిబండలు. వాటి రెట్టలే పొరగా పేరుకుంటాయి. వేళ్ళ మధ్య నలిపితే నశ్యంలా ఉంటుంది. కర్బనం నత్రజనికి ఎన్ని రెట్లుందో కొలిచినా తేడా తెలుస్తుంది. మల్‌లో సుమారు 10 నుంచి 15 రెట్లు ఉంటే, మోర్‌లో 25 దాటుతుంది.

ఉష్ణమండలపు ఆకురాల్చే అడవుల్లో కథ వేరు. ఎండాకాలమంతా ఆకులు కరకరలాడుతూ పడి ఉంటాయి. వానలు మొదలయ్యాక వేడి, తేమ, చెదపురుగులు కలిసి చకచకా పని కానిచ్చేస్తాయి. అందుకే హ్యూమస్ పొర తరచుగా పల్చగానే ఉంటుంది, కింద ఎర్రమట్టి కనిపిస్తుంది.

ఇంతసేపూ వానపాముల్ని పొగిడాను కదా, ఒక సంగతి చదివాక మాత్రం మనసు కలుక్కుమంది. ఉత్తర అమెరికాలో మహా సరస్సుల దగ్గరి అడవుల్లో, మంచు యుగం తర్వాత వేల ఏళ్లపాటు వానపాములే లేవు. అక్కడి మేపుల్ అడవులు మెత్తని ఆకుపొర మీదే పెరిగాయి. యూరప్ నుంచి మనుషులతో పాటు వచ్చిన వానపాములు ఆ పొరని తినేస్తున్నాయి. దాంతో ట్రిల్లియం పూలమొక్కలు, మేపుల్ మొలకలు తట్టుకోలేకపోతున్నాయి. ఒకచోట మట్టికి ప్రాణం పోసిన జీవే ఇంకోచోట అడవి కాళ్ళ కింద నేలని లాగేస్తోంది. అప్పటినుంచి ఏ మట్టినైనా "మంచిది" అనేముందు కాస్త ఆగుతున్నాను.

ఈసారి చెట్ల కిందికి వెళ్ళినప్పుడు ఒక్క పని చెయ్యి. జానెడు మేర ఆకుల్ని నెమ్మదిగా, ఒక్కో పొరా తీస్తూ చూడు. ఎన్ని పొరలున్నాయి, తెల్లటి దారాలున్నాయా, మట్టి రవ్వగా ఉందా పొడిగా ఉందా, అన్నీ రాసి పంపు. చూడటం అయ్యాక ఆకుల్ని మళ్ళీ కప్పెయ్. కుదిరితే ఒక చిటికెడు మట్టి పొట్లం కట్టి కవర్లో పెట్టు. అది మల్లో మోడరో నేను చెప్తాను.

నీ
మిత్రుడు