ఢీకొన్నాక ఆ 55 నిమిషాలు

సంపాదకులకు,

రెండు ఓడలు ఢీకొన్నాయనగానే తప్పెవరిదన్న చర్చ మొదలవుతుంది. ఎవరు ఎప్పుడు కబురు పెట్టారన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగరు.

2017 జూన్ 17న జపాన్ తీరంలో అమెరికా యుద్ధనౌక (డిస్ట్రాయర్) ఫిట్జ్‌జెరాల్డ్, ఫిలిప్పీన్స్ జెండా ఉన్న కంటైనర్ ఓడ ఏసీఎక్స్ క్రిస్టల్ ఢీకొన్నాయి. అప్పుడు రాత్రి 1.30. క్రిస్టల్ నుంచి జపాన్ కోస్ట్‌గార్డుకు సమాచారం చేరేసరికి 2.25 అయింది. దాంతో ప్రమాదం 2.20కి జరిగిందని మొదట ప్రకటించారు, తర్వాత సరిదిద్దారు.

ఫిట్జ్‌జెరాల్డ్ లోపల మాత్రం నిమిషాలతో కాదు, సెకన్లతో పోరాటం. క్రిస్టల్ ముక్కు కింద నీళ్లలో ఉండే ఉబ్బెత్తు భాగం డిస్ట్రాయర్ కుడి పక్కన 13 అడుగులకు 17 అడుగుల రంధ్రం చేసింది. ఆ పక్కనున్న పడక గదిలో 35 మంది ఉన్నారు. 30 నుంచి 60 సెకన్లలో గది దాదాపు మునిగింది. 28 మంది బయటపడ్డారు, ఏడుగురు చనిపోయారు. పైన కెప్టెన్ క్యాబిన్ నలిగి తలుపు బిగుసుకుపోతే, నావికులు దాన్ని పగలగొట్టి ఆయన్ను బయటికి లాగారు. ఓడ కుడివైపు 7 డిగ్రీలు ఒరిగినా మునగకుండా నిలబెట్టుకున్నారు. ఈ పనికి సిబ్బందిని మెచ్చుకోవాల్సిందే. ఢీకొనకముందు బ్రిడ్జ్ (ఓడ నడిపే గది) మీద జరిగింది వేరే కథ: కుడివైపు నుంచి వస్తున్న ఓడకు దారివ్వాల్సింది ఫిట్జ్‌జెరాల్డే, అయినా రేడియోలో పలకరించలేదు, ప్రమాద హెచ్చరికగా ఐదు పొట్టి హారన్లూ కొట్టలేదు.

కబురు త్వరగా వెళ్తే ఆ ఏడుగురు బతికేవారా అంటే, బహుశా కాదు. కానీ అదే ఓడ మునిగి ఉంటే దాదాపు 300 మంది నీళ్లలో ఉండేవారు, తీరంలో ఒక్క హెలికాప్టర్‌కూ కబురుండేది కాదు.

ఆలస్యం ఎందుకవుతుందంటే, యుద్ధనౌక ముందు భాగంలో కరెంటూ, బయటి రేడియో సంబంధాలూ పోయాయి. ఇది అర్థమవుతుంది. సరుకు ఓడల్లో సంగతి వేరు. ఆ వేళ బ్రిడ్జ్ మీద చాలాసార్లు ఇద్దరే ఉంటారు. కెప్టెన్ పరుగెత్తుకొచ్చి ముందు తన ఓడకు రంధ్రం పడిందేమో చూస్తాడు, ట్యాంకుల్లో నీటిమట్టం కొలిపిస్తాడు, తర్వాత కంపెనీకి ఫోన్ చేస్తాడు. కంపెనీ లాయర్ మాట కోసం ఆగితే గంట ఇట్టే గడుస్తుంది. నోరు తెరిస్తే తప్పు ఒప్పుకున్నట్టే అన్న భయం ఒకటి.

ఆ భయం అనవసరం. ఎదుటి ఓడకు సాయపడాలని, వీలైతే తన పేరు, నమోదైన రేవు చెప్పాలని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 98వ అధికరణమే అంటోంది. పనీ పెద్దదేం కాదు. రేడియోలో ఎర్ర బటన్ మూత ఎత్తి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే డీఎస్‌సీ హెచ్చరిక (మాటల్లేకుండా రేడియో తానే పంపే ఆపద సంకేతం) ఓడ గుర్తింపు నంబరుతో, జీపీఎస్ కలిపి ఉంటే స్థానంతో సహా 70వ ఛానెల్‌లో వెళ్తుంది. వెంటనే 16వ ఛానెల్‌లో నోటితో ‘మేడే’ (ప్రాణాపాయంలో ఉన్నామనే పిలుపు) మూడుసార్లు, ఓడ పేరు, స్థానం, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు. మేడే అనేంత ముప్పు తన ఓడకు లేదనిపిస్తే ‘పాన్ పాన్’ అన్నా చాలు. మౌనం కన్నా అదే మేలు. మెయిన్ కరెంటు పోతే జీఎండీఎస్ఎస్ (ఓడల ఆపద సమాచార వ్యవస్థ) బ్యాటరీలున్నాయి, చేతి రేడియోలున్నాయి. ఈపీఆర్‌బీ (ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పరికరం) ఓడ మునిగితేనే పనిచేస్తుందనుకుంటారు చాలామంది, దాన్ని చేత్తోనూ ఆన్ చేయొచ్చు.

ఇంకొకటి మరిచిపోతారు: వీడీఆర్ (ఓడ ప్రయాణ వివరాలు, బ్రిడ్జ్ మాటలు రికార్డు చేసే పెట్టె)లో సేవ్ బటన్ నొక్కడం. పాత రకాల్లో 12 గంటలు దాటితే బ్రిడ్జ్ మాటలు చెరిగిపోతాయి. తర్వాత ఎవరేమన్నారో తేల్చడానికి మిగిలేవి జ్ఞాపకాలే.

మనకూ ఇది దూరపు విషయం కాదు. 2006లో గోవా దగ్గర ఐఎన్ఎస్ ప్రహార్, 2011లో ముంబై దగ్గర ఐఎన్ఎస్ వింధ్యగిరి సరుకు ఓడలతో ఢీకొన్న తర్వాతే మునిగాయి. విశాఖ, కాకినాడ రేవుల ముందు రాత్రిపూట సరుకు ఓడల మధ్యే మన మరపడవలూ వేటాడతాయి. వాటిలో తీరానికి సిగ్నల్ అందేవాళ్లకు కోస్ట్‌గార్డు నంబరు 1554 ఉంది.

మా సూచన ఒక్కటే. నెలనెలా చేసే అగ్నిప్రమాద డ్రిల్‌లాగే ఢీకొన్న డ్రిల్ కూడా చేయాలి. అందులో ‘కబురు’ అనే పని పేరుపెట్టి ఒకరికి అప్పగించాలి, ఆ మనిషి పంపు దగ్గరికో ట్యాంకు దగ్గరికో పోకూడదు. అలారం మోగినప్పటి నుంచి 16వ ఛానెల్‌లో చెప్పాల్సిన మాట నోట పలికించేదాకా స్టాప్‌వాచ్ పెట్టి చూడాలి. రెండు నిమిషాలు దాటితే మళ్లీ మొదటి నుంచి చేయించాలి.

— కొందరు మాజీ నావికులు, విశాఖపట్నం