‘చీడ లేదు’ అని చీటీ అంటించి చీడ పట్టిన పగడాలు పంపినందుకు ఫిర్యాదు

బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: అక్వేరియం కోసం కొన్న మెత్తటి పగడాల్లో చీడ, మీ ప్రతినిధులు ఇచ్చిన ప్రమాదకరమైన సలహా, హామీ నిరాకరణ.

అయ్యా,

మీ సంస్థ నుంచి రెండు జోవాంథిడ్ (చిన్న చిన్న పూలలా ఒకచోట పెరిగే పగడం) గుత్తులు, ఒక లెదర్ కోరల్ (తోలులా కనిపించే మెత్తటి పగడం) ముక్క తెప్పించుకున్నాను. రవాణా ఖర్చుతో కలిపి 6,400 రూపాయలు ముందే చెల్లించాను. మీరు పంపిన ప్రతి సంచి మీదా ‘మందునీటిలో శుద్ధి చేసినది, క్వారంటైన్ పూర్తయినది, చీడ లేదు, నేరుగా ట్యాంకులో వేసుకోవచ్చు’ అని ముద్రించిన చీటీ ఉంది. ఆ చీటీలో ఉన్నది అబద్ధమని ఆధారాలతో సహా మీ ముందు పెడుతున్నాను.

ఎవరు ఏ హామీ ఇచ్చినా కొత్త పగడాన్ని నేరుగా ట్యాంకులో వేయడం నాకు అలవాటు లేదు. అప్పుడే కలిపిన ఉప్పునీటితో మూడు బకెట్లు నింపి, వేడి 26 డిగ్రీలు, లవణీయత వెయ్యికి 35 వంతులు ఉండేలా సరిచూసి, మొదటిదానిలో అయోడిన్ డిప్ (పగడాన్ని ముంచి చీడను ఊడగొట్టే మందు) కలిపాను. నారింజ రంగు జోవాంథిడ్ గుత్తిని అందులో ఉంచి, సిరంజితో పాలిప్‌ల (గుత్తిలో ఒక్కో పూవులా కనిపించే ప్రాణుల) సందుల్లోకి నీరు చిమ్ముతుండగానే అర సెంటీమీటరు పొడవున్న ఒక ప్రాణి ఊడి, తెల్ల బకెట్ అడుగున మెలికలు తిరగసాగింది. వీపు నిండా కుచ్చులు, ఆ కుచ్చుల కొసలకు అచ్చంగా మీ పాలిప్‌ల నారింజ రంగు. అది జోవాంథిడ్‌లను తినే న్యూడిబ్రాంక్, అంటే పెంకు లేని సముద్రపు నత్త. ఏ పాలిప్‌ను తింటే ఆ రంగే దాని ఒంటికి వస్తుంది కాబట్టి గుత్తి మీద ఉన్నంతసేపూ కంటికి ఆనదు. రెండో గుత్తిని తిరగేసి చూస్తే ప్లగ్గు (గుత్తిని అతికించిన చిన్న బిళ్ల) అంచున, నలుపు తెలుపు గళ్ల పెంకుతో ఒక సన్‌డయల్ నత్త అతుక్కుని ఉంది. ఇదీ జోవాంథిడ్‌లనే తింటుంది. పగలు గుత్తి అడుగున నక్కి, రాత్రి మేతకు బయలుదేరుతుంది.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. సీసా మీద రాసినంత సేపూ డిప్‌లో ఉంచి, రెండు బకెట్లలో కడిగి తీశాక, పాలిప్ కాడల మధ్య తెల్లగా చిన్న జిలేబీ చుట్టలా ఒక గుడ్ల దండ కనిపించింది. పట్టకారుతో తీసి, ఇంట్లో ఉన్న పాత మైక్రోస్కోప్ కింద పెట్టాను. జిగురు తాడులో గుడ్లు వరుసగా పేర్చి ఉన్నాయి. వాటిలో కొన్నింటిలో పిండాలు మెల్లగా గిరగిరా తిరుగుతున్నాయి. అంటే డిప్‌లో పెద్ద పురుగు ఊడింది గానీ గుడ్లు చెక్కుచెదరలేదు. ఆ వీడియో ఈ లేఖతో పంపుతున్నాను. మీ శుద్ధి విభాగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ దాన్ని చూడాలని నా కోరిక.

గుడ్ల చుట్టూ ఉన్న జిగురు పొరను డిప్ మందు దాటలేదు. నత్త అయితే తన మూత బిగించుకుని మందునీరు పోయేదాకా లోపలే ఉండిపోతుంది. కాబట్టి ఒక్కసారి ముంచి తీసినంత మాత్రాన ఏ పగడమూ చీడలేనిది కాదు. గుత్తిని ప్లగ్గు నుంచి విడదీసి ఆ ప్లగ్గును పారేయాలి, కంటికి కనిపించిన గుడ్లను గీకి తీసేయాలి, నత్తలను చేత్తో ఏరాలి. ఆ తర్వాత వేరే ట్యాంకులో ఉంచి, తప్పించుకున్న గుడ్లు పొదిగి పిల్లలు వస్తాయి కాబట్టి వారానికోసారి మళ్లీ డిప్ ఇస్తూ నెల రోజులకు తగ్గకుండా గమనించాలి. రాత్రి దీపాలు ఆర్పి ఎర్ర టార్చి వేసి కూడా చూడాలి. ఇది డబ్బు, ఓపిక, స్థలం కావలసిన పని అని నాకు తెలుసు. ఆ పని చేసే వ్యాపారికి ఎక్కువ ధర ఇవ్వడానికి నేను వెనకాడను. మీ ధర ఇతరుల కన్నా ఎక్కువే. చీటీని నమ్మి ఆ ధర ఇచ్చాను.

ఫోటోలు పంపితే మీ ప్రతినిధి మొదట ఇచ్చిన సమాధానం: ‘చీడ మీ ట్యాంకు నుంచే వచ్చి ఉంటుంది.’ ఆ పగడాలు నా ట్యాంకు నీటిని తాకనే లేదు. సంచి విప్పడం దగ్గర నుంచి తీసిన వీడియోలో బకెట్లన్నీ కనిపిస్తున్నాయి. పైగా మా ఇంట్లో నారింజ రంగు జోవాంథిడ్ ఒక్కటీ లేదు. ఆ పురుగు ఒంటి మీది రంగు మీ గుత్తిని తిన్నందువల్లే వచ్చింది.

రెండో సమాధానం ఇంకా బాధించింది. ‘హామీ ఆంధ్ర, తెలంగాణలకే, ఒడిశాకు పంపినవాటికి వర్తించదు’ అన్నారు. మీ వెబ్‌సైట్ తెలుగులో ఉంది, మీవాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, బరంపురం పిన్‌కోడ్ వేస్తే డబ్బు తీసుకుంటారు. అలాంటి షరతు ఉందని డబ్బు కట్టేటప్పుడు ఎక్కడా చెప్పలేదు. ఇచ్ఛాపురం దాటితే రైలులో అరగంటకల్లా మా ఊరు వస్తుంది. తరతరాలుగా ఇక్కడ తెలుగువాళ్లం బతుకుతున్నాం, శ్రీకాకుళం, విశాఖ వ్యాపారులతో మాకు రోజూ లావాదేవీలున్నాయి, ఎవరూ ఇలా గీత గీయలేదు. ఆలస్యమై పగడం దారిలో చనిపోతే దూరం మాట ఎత్తవచ్చు. నత్త ప్రయాణంలో పుట్టుకురాదు కదా!

ఇక మూడోది. దీని కోసమైనా ఈ లేఖను మీ యాజమాన్యం చదవాలి. ‘అంత అనుమానముంటే వేడినీళ్ల కింద పెట్టి బ్రష్‌తో గట్టిగా రుద్దండి’ అని మీ ప్రతినిధి సలహా ఇచ్చారు. జోవాంథిడ్‌లు, ముఖ్యంగా పాలిథోవా జాతివి, పాలిటాక్సిన్ అనే విషాన్ని కలిగి ఉండవచ్చు. 1971లో హవాయి పగడాల నుంచి మొదటిసారి వేరుచేసిన ఈ విషానికి నేటికీ విరుగుడు లేదు. వేడినీళ్లు పోసి అలాంటి పగడాలున్న రాళ్లను కడిగినవాళ్లు ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. చేతి మీద చిన్న గాయమున్నా, తుంపర కంటిలో పడినా ప్రమాదమే. నేను చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వీటిని ముట్టను. మొదటిసారి కొన్న ఏ పిల్లవాడో మీ మాట నమ్మి వంటింటి కుళాయి కింద రుద్దితే ఎవరు జవాబు చెబుతారు? ఈ సలహా మీ సంస్థ నుంచి ఇంకొకరికి వెళ్లకూడదు.

చివరికి బేరానికి దిగి, ‘ఊరుకుంటే బదులుగా ఒక రాతి పగడం ముక్క పంపుతాం’ అన్నారు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని నేను అడగలేదు, పంపినా తీసుకోను.

నేను కోరేది ఇది. నేను కట్టిన 6,400 రూపాయలు, డిప్‌కూ క్వారంటైన్‌కూ అయిన ఖర్చు బిల్లుల ప్రకారం తిరిగి ఇవ్వాలి. చీటీ మీది ‘చీడ లేదు’, ‘నేరుగా వేసుకోవచ్చు’ అన్న మాటలను పైన చెప్పిన పని నిజంగా చేసేదాకా తీసేయాలి. ఇదే నిల్వ నుంచి పగడాలు కొన్న మిగతావారికి న్యూడిబ్రాంక్, సన్‌డయల్ నత్తల గురించి వెంటనే కబురు పెట్టాలి. వాళ్లలో ఎంతమంది చీటీని నమ్మి నేరుగా ట్యాంకులో వేసేశారో తలచుకుంటేనే గుండె బరువెక్కుతోంది. ఏళ్ల తరబడి పెంచుకున్న గుత్తులు రోజుకింత మూసుకుపోతుంటే కారణం తెలియక నీళ్లు పరీక్షిస్తూ కూర్చునేవాళ్లు ఉంటారు. ప్రతి సంచితోనూ చేతి తొడుగులు, కంటి రక్షణ గురించిన హెచ్చరికను తెలుగులో ముద్రించి పంపాలి.

2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో మీరు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన వీలు మేరకు నేను నివసించే గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయిస్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ రుసుము కూడా లేదు.

గుత్తులు రెండూ ప్రస్తుతం వేరే ట్యాంకులో బతికే ఉన్నాయి. వాటిని మీకు తిప్పి పంపను. మళ్లీ అదే సంచిలో, అదే చీటీతో ఇంకొకరి ఇంటికి చేరతాయన్న భయం నాకుంది. పరిశీలనకు మీ మనిషి వస్తే చూపిస్తాను.

జతచేసినవి: బిల్లు ప్రతి, సంచి మీది చీటీ ఫోటో, సంచి విప్పినప్పటి వీడియో, గుడ్ల దండ మైక్రోస్కోప్ వీడియో, మీ ప్రతినిధుల సందేశాలు.

ఇట్లు,
మీ వినియోగదారు,
బరంపురం.