పొగ గొట్టం ఎటు తిరిగి ఉందో కూడా చూడండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి శ్రీ పొన్నం ప్రభాకర్ గారికి నమస్కారాలతో,

నేను వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో సైలెన్సర్ వెల్డింగ్ షెడ్డు నడుపుకుంటున్నాను. ప్యాసింజర్ ఆటోలు, ట్రాలీలు, టాటా ఏస్‌లు, డీసీఎంలు మా గిరాకీ. మీ హుస్నాబాద్ నియోజకవర్గంలోని ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మండలాలు మా హనుమకొండ జిల్లాలోవే. పత్తి చేతికొచ్చే కాలంలో ఈ దారుల్లో బండ్లు ఎట్లా తిరుగుతాయో మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అందుకే నేరుగా విషయానికి వస్తున్నాను. సైలెన్సర్ చేసే చప్పుడు మీద మన దగ్గర ఎంతో కొంత తనిఖీ ఉంది. ఆ సైలెన్సర్ చివర పొగ ఎక్కడ బయటపడుతోంది, ఎవరి ముఖానికి కొడుతోంది, పైపు దేన్ని ఆనుకొని పోతోంది అన్నది మాత్రం పట్టించుకునేవాళ్లు నాకు కనిపించడం లేదు. ప్రాణాలకు ముప్పు ఎక్కువ ఈ రెండో దానితోనే.

చప్పుడు సంగతి ముందు ముగిస్తాను. బుల్లెట్లకు మార్చిన సైలెన్సర్లను పోలీసులు విప్పించి రోడ్డు రోలర్‌తో తొక్కిస్తుంటే నేను సంతోషించేవాణ్ణే. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్ తయారీ దశలోనే 80 డెసిబెల్స్ మించకూడదని ప్రమాణం ఉంది. ఆస్పత్రికి 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలం, అక్కడ రాత్రి 10 గంటల తర్వాత పరిమితి 40 డెసిబెల్స్. మా ఎంజీఎం ఆస్పత్రి ముందు నుంచి అర్ధరాత్రి ఫట్‌ఫట్‌మంటూ పోయే బండి ఆ వార్డుల్లో పడుకున్నవాళ్లకు చేసే హింస చిన్నది కాదు. ఆ తనిఖీలు ఆపవద్దు. కానీ బైకు చప్పుడు వినబడుతుంది కాబట్టి దొరుకుతుంది. ట్రాలీ కింద తప్పుగా తిప్పిన పైపు చప్పుడు చేయదు, ఎవరికీ కనబడదు.

దీనికి చట్టం లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 112వ నియమం పొగ ఎటు పోవాలో చెబుతుంది. కిందికి కొట్టకూడదు, ఎడమ వైపుకు కొట్టకూడదు, వెనక్కి గానీ కుడి వైపుకు గానీ పోవాలి. కొన్ని రకాల బండ్లకు మినహాయింపులున్నా అసలు సూత్రం ఇది. ఎడమ ఎందుకు వద్దన్నారో రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. మనం ఎడమ పక్కన నడిచే దేశం. బస్సు కోసం ఆగేది, ఆటో ఎక్కేది, బడికి పోయే పిల్లలు నడిచేది, బండ్ల మీద పండ్లు అమ్మేది అంతా ఎడమ పక్కనే. పెట్రోల్ ట్యాంకర్లకు మాత్రం పొగ ముందు వైపు వదలడానికి అదే నియమం అనుమతిస్తుంది, ట్యాంకు వెనకాల ఉంటుంది కాబట్టి. 113వ నియమం ప్రకారం ఇంధనం పోయే పైపుకు 35 మిల్లీమీటర్ల లోపు పొగ పైపు రాకూడదు. అంటే రెండు వేళ్లు పట్టేంత ఎడం. 114వ నియమం ప్రయాణికుల బండ్ల గురించి చెబుతుంది. బండిలోని మంట అంటుకునే వస్తువేదీ పొగ పైపు మీద పడకుండా, పైపు వేడికి నిప్పు పుట్టకుండా అమర్చాలి, లేదా అడ్డు కట్టాలి. రాసినవాళ్లు బాగా ఆలోచించే రాశారు. అమర్చేవాళ్లకు, తనిఖీ చేసేవాళ్లకు ఆ ఆలోచన చేరలేదు.

మా షెడ్డులో నేను ఎక్కువగా చూసే తప్పు ఒకటి చెబుతాను. కంపెనీ నుంచి వచ్చినప్పుడు చిన్న గూడ్స్ బండి పొగ పైపు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. ఓనరు దాన్ని తీసుకొచ్చి, సరుకు ఎక్కువ పట్టాలని డాలాను, అంటే సరుకు వేసే వెనక డబ్బాను, వెనక్కి ఒక అడుగో అడుగున్నరో పెంచి బాడీ కట్టిస్తాడు. బాడీ పెరుగుతుంది, పైపు పెరగదు. ఇప్పుడు పొగ బండి వెనక కాకుండా బండి కిందే బయటపడుతుంది. నేల రేకు అతుకుల్లోంచి, చెక్క పలకల సందుల్లోంచి పైకి వస్తుంది. బండి పోతున్నప్పుడు వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, వెనక తెరిచి ఉన్న బండ్లయితే బయటికి పోయిన పొగను కూడా లోపలికి లాక్కుంటాయి. ఊళ్లకు తిరిగే ఏడు సీట్ల ఆటోల్లో వెనక్కి తిరిగి కూర్చునే సీటు ఉంటుంది. అక్కడ కాళ్లు వేలాడేసుకుని కూర్చునే పిల్లలకు పైపు మూతి ఎంత దూరమో ఒకసారి కొలిపించండి.

గూడ్స్ బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు, అది నాకూ తెలుసు. కానీ పత్తి ఏరడానికి, మిరప ఏరడానికి తెల్లారకముందే పరకాల, ములుగు, భూపాలపల్లి వైపు పోయే కూలీ ఆడవాళ్లు ట్రాలీల్లోనే పోతున్నారన్నది మనందరం రోజూ చూస్తున్న నిజం. చలికాలంలో మంచుకు తట్టుకోలేక చుట్టూ పరదాలు కడతారు. మేడారం జాతర వచ్చిందంటే డీసీఎంలలో, ట్రాక్టర్ డబ్బాల్లో కుటుంబాలకు కుటుంబాలు టార్పాలిన్ కింద పడుకొని పోతాయి. పొగ పైపు ఆ టార్పాలిన్ కిందే తెరుచుకుంటే ఏమవుతుందో మెకానిక్‌గా నాకు భయం వేస్తుంది. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కడుపులో తిప్పడం, మత్తు. మన ఆడవాళ్లు దాన్ని "నాకు బండి పడది" అని సరిపెట్టుకుంటారు. వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని పనిలోకి దిగుతారు. ఆ వాంతి ఎగుడుదిగుడు రోడ్డుతో వచ్చిందో, కింద కోసిన పైపుతో వచ్చిందో ఇప్పటిదాకా ఎవరైనా బండి కిందికి వంగి చూశారా?

ఇక నిప్పు. ఎనుమాముల, జమ్మికుంట మార్కెట్లకు వచ్చే పత్తి బండి ఎట్లా ఉంటుందో మీరు చూసిందే. అంచులు దాటి, పక్కలకు ఉబ్బి, దారి పొడుగునా దూది రాలుతూ వస్తుంది. పత్తి సుమారు 400 డిగ్రీల సెల్సియస్‌కు తనంతట తానే అంటుకుంటుంది. నిప్పురవ్వ తగిలితే అంత వేడి కూడా అక్కర్లేదు, లోపల్లోపలే రాజుకుంటూ పోతుంది. లోడుతో ఎత్తెక్కే బండిలో ఇంజన్ దగ్గరి పొగ పైపు వేడి ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 కాలుష్య ప్రమాణం డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉన్నవాటిలో, పేరుకున్న మసిని బండే అప్పుడప్పుడు కాల్చుకుంటుంది. ఆ సమయంలో లోపలి వేడి 550, 600 డిగ్రీల వరకు పోతుంది. అందుకే ఎండుగడ్డి మీద బండి ఆపవద్దని కంపెనీవాళ్లే పుస్తకంలో రాసి ఇస్తారు. వరికోత అయిన పొలంలో, వడ్ల కొనుగోలు కేంద్రం పక్కన గడ్డి మీద బండి ఆపే మన డ్రైవర్లలో ఆ పుస్తకం చదివినవాళ్లు ఎందరు? అది తెలుగులో ఇస్తున్నారా? దీనికి తోడు వేడికి అడ్డుగా ఉండే రేకు కవచం ఊడిపోతే తిరిగి బిగించుకునేవాళ్లు తక్కువ. గడగడ చప్పుడు చేస్తుందని పీకి పారేసేవాళ్లు ఎక్కువ.

సైలెన్సర్ లోపలి సరుకు తీసేయించే పిచ్చి కూడా ఇప్పుడు బైకుల నుంచి పెద్ద బండ్లకు పాకింది. పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జామ్ అయిందని చెప్పి కోసేస్తారు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. కొనుక్కునేవాళ్లు వేరే ఉన్నారు. ఓనరుకు దాని విలువ తెలియదు, పికప్ పెరుగుతుందంటే నమ్ముతాడు. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ ఉన్న బండిలో పికప్ పెరగకపోగా, ఆ సెన్సర్ లెక్క తప్పి ఇంజన్ హెచ్చరిక లైటు వెలుగుతుంది. పెట్రోల్, సీఎన్‌జీ బండ్లలో కార్బన్ మోనాక్సైడ్‌ను తగ్గించే భాగం అదే. దాన్ని తీసేసి, పైపును కూడా నేల రేకు కిందే వదిలిన బండి ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

శిక్షలు చట్టంలో ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని తేల్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నేను అడిగేది ఇంకా పెద్ద జరిమానా కాదు. ట్రాలీ నడిపి కిస్తీ కట్టుకునేవాడి మీద 5,000 వేస్తే కడతాడు, పైపు మాత్రం అట్లాగే ఉంటుంది.

ఎవరు చూడాలి అన్నది అసలు ప్రశ్న. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట పైపులో గొట్టం పెట్టి పొగలో ఏముందో కొలుస్తారు. ఆ పైపు ఎక్కడ ముగిసిందో చూడడం వాళ్ల పని కాదు, చప్పుడు కొలిచే పరికరమూ అక్కడ ఉండదు. మిగిలింది ఫిట్‌నెస్. సరుకు బండ్లకు, ప్రయాణికుల బండ్లకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. బండి కిందికి చూడడానికి సర్కారు చేతిలో ఉన్న ఒకే ఒక్క అవకాశం అది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మైదానంలో నిలబడి లైట్లు, అద్దాలు, బ్రేకులు చూసి పంపిస్తే పైపు మళ్లీ దాక్కుంటుంది. అందుకని ఫిట్‌నెస్‌కు వచ్చిన ప్రతి బండికి వెనక నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి ఫొటో తీసి ఫైలులో పెట్టించండి. పైపు మూతి బాడీ అంచు దాటిందా, ఇంధనం పైపుకు 35 మిల్లీమీటర్ల ఎడం ఉందా, రేకు కవచం బిగించి ఉందా అన్న మూడు సంగతులు ఆ ఫారంలో తప్పనిసరి చేయండి. లేకపోతే బండి ఆపేయకుండా వారం గడువిచ్చి సరిచేయించుకుని రమ్మనండి. పైపు చివర ఒక ముక్క అతికి, ఒక క్లాంపు వేసి బయటికి తేవడం మా షెడ్లలో గంట పని.

రెండోది, బాడీ కట్టే షెడ్లు. డాలా పెంచితే రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్న కొలతే తప్పుతుంది. అది ముందు ఆపాలి. అనుమతి ఉన్న బాడీ కట్టినప్పుడైనా పైపును కూడా అంచు దాకా తేవాల్సిందేనని వాళ్లకు రాతపూర్వకంగా చెప్పించండి. 112, 113, 114 నియమాలను, సైలెన్సర్ చప్పుడు గురించిన 120వ నియమాన్ని బొమ్మలతో సహా తెలుగులో, ఉర్దూలో అచ్చు వేసి ప్రతి వెల్డింగ్ షెడ్డు గోడకు అంటించండి. మాలో చాలామంది పని నేర్చుకుంది ఉస్తాద్ చేతి కింద, పుస్తకాల్లో కాదు. నియమం ఉందని తెలిస్తే గిరాకీకి "ఇట్లా చేయను భాయ్" అని చెప్పడానికి మాకూ ఒక ఆధారం దొరుకుతుంది. ఇప్పుడు నేను కాదన్న పని రెండు షెడ్ల అవతల అయిపోతోంది.

మూడోది, అక్టోబర్‌లో పత్తి రాక మొదలయ్యే ముందే ఎనుమాముల, జమ్మికుంట యార్డుల గేట్ల దగ్గర మీ శాఖ, మార్కెటింగ్ శాఖ, అగ్నిమాపక శాఖ కలిసి ఉచిత తనిఖీ పెట్టండి. మేడారం జాతర ఏడాదిలో జాతరకు నెల ముందు ఇంకోసారి పెట్టండి. చలాన్ పుస్తకం ఆ రోజుకు పక్కన ఉంచితే డ్రైవర్లు భయపడకుండా వస్తారు. వెల్డింగ్ మిషన్ పట్టుకుని నేను వస్తాను. మా దారిలోని మిగతా షెడ్లవాళ్లను కూడా అడిగి తీసుకొస్తాను. కూలీ తీసుకోము, ఇనుము ఖర్చు వరకు ఇప్పిస్తే చాలు. తేదీ, స్థలం వరంగల్ ఆర్టీఏ కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టించండి.

ఇట్లు,
ఎనుమాముల దారిలో సైలెన్సర్ పని చేసే ఒక మెకానిక్,
వరంగల్