డౌలా మంత్రసాని కాదు

సంపాదకుల వారికి,

అమెరికాలోని నల్లజాతి డౌలాలపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం వారిని ‘ఆధునిక మంత్రసానులు’ అంది. ఆదరంతో రాసిన మాటే అయినా అది సరికాదు. మంత్రసాని పురుడు పోస్తుంది. డౌలా పురుడు పోయదు, పరీక్షలు చేయదు, మందులు ఇవ్వదు. నెలలు నిండకముందే గర్భిణితో పరిచయం పెంచుకొని, నొప్పుల వేళ నడుము నిమురుతూ పక్కనే ఉండి, వైద్యులు చెప్పేది విడమరిచి, ఆమె అడగదలచినది అడిగేలా ధైర్యమిచ్చి, పురుడయ్యాక బిడ్డకు పాలు పట్టడంలో సాయపడడం డౌలా పని.

అసలైన మంత్రసానులు అక్కడా ఉండేవారు. దక్షిణాది రాష్ట్రాల పల్లెల్లో బానిసత్వ కాలం నుంచి నల్లజాతి మంత్రసానులే తమవారికి, చాలాచోట్ల తెల్లవారికి కూడా పురుళ్లు పోశారు. తల్లీబిడ్డల సంరక్షణకు ప్రభుత్వ నిధులిచ్చిన 1921 నాటి షెపర్డ్-టౌనర్ చట్టం తరువాత శిక్షణ, లైసెన్సుల పేరిట వారిపై అదుపు పెరిగింది. ప్రసవాలు ఆసుపత్రులకు మళ్లేకొద్దీ వారు కనుమరుగయ్యారు. గర్భిణి మాటను నమ్మే తనవాళ్ల మనిషి కూడా వారితోపాటే పురిటిగదికి దూరమైంది.

ఆ నమ్మకం ప్రాణాలతో ముడిపడినది. 2023లో అమెరికాలో లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 50.3 కాగా తెల్లజాతి తల్లులవి 14.5. పేదరికమే కారణమని సరిపెట్టుకోలేం. 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఊపిరాడక సీటీ స్కాన్ చేయమని అడిగితే, తాను మందుల ప్రభావంతో తికమకపడుతున్నట్టు నర్సు భావించిందని టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్ తరువాత వెల్లడించారు. స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు బయటపడ్డాయి.

మా అమ్మాయి పురుటికి నేను న్యూజెర్సీ వచ్చాను. కాన్పు గదిలో పక్కనే నిలబడ్డా డాక్టరు మాటలు సగం అర్థం కాలేదు. తల్లి తోడు వేరు, ఆసుపత్రి తీరు తెలిసిన మనిషి తోడు వేరని అప్పుడే తెలిసింది.

అయితే డౌలా ఉంది కదా అని ఆసుపత్రులు తమ బాధ్యతను ఆమె మీదికి నెట్టకూడదు. రక్తస్రావాన్ని ఆపవలసింది, బీపీ పెరిగితే వెంటనే కదలవలసింది వారే.

మీ వ్యాసంలో ఊసే లేనిది జీతం సంగతి. పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కింద న్యూజెర్సీ 2021 నుంచి, కాలిఫోర్నియా 2023 నుంచి డౌలా సేవలకు చెల్లిస్తున్నాయి. పిలుపు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియని ఆ వారాల్లో డౌలాకు మరో పని ఒప్పుకోవడం కుదరదు. ఆ నిరీక్షణకూ లెక్కకట్టి చెల్లించకపోతే, ఈ తోడు డబ్బున్న ఇళ్లకే దక్కుతుంది.

— ఒక పాఠకురాలు, హనుమకొండ (ప్రస్తుతం న్యూజెర్సీ)