మా పాప టీచర్లకు కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా పాప మూడో తరగతి పూర్తయింది. ఈ ఏడాది బడిలో తనకు అందిన సాయం గురించి నలుగురికీ చెప్పాలనిపించి రాస్తున్నాను. పేర్లు వద్దని టీచర్లే అన్నారు.

పాప 28వ వారంలో పుట్టింది. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. ప్రపంచంలో పుట్టే ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు అలాంటివాళ్లే. అంటే ఏ క్లాసులోనైనా ఇద్దరో ముగ్గురో ఉండొచ్చు. బరువు పెరిగింది, నడక వచ్చింది, మాటలు వచ్చాయి, ఇక గండం గడిచిందని అందరూ అంటారు. బడికి వెళ్లాక ఏం ఎదురవుతుందో చెప్పేవాళ్లు మాత్రం అరుదు.

ఈ ఏడాది మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో క్లాస్ టీచర్ గారు "పాప నెలలు నిండే పుట్టిందా అండీ?" అని అడిగారు. అంతకుముందు ఏ క్లాసులోనూ ఎవరూ అడగలేదు. అడ్మిషన్ ఫారంలో ఆ గడే లేదు మరి! పాప అల్లరి చేయదు, కూర్చున్న చోటి నుంచి కదలదు, కానీ పాఠం సగంలో ధ్యాస ఎటో వెళ్లిపోతుంది. నెలలు నిండని పిల్లల్లో ఏకాగ్రత సమస్య చాలాసార్లు ఇలా చప్పుడు లేకుండానే ఉంటుందట. అల్లరి పిల్లలు టీచర్ కంట్లో పడతారు, వీళ్లు పడరు. "బుద్ధిమంతురాలు, కాస్త పరధ్యానం" అని రిపోర్టు కార్డులో రాసి వదిలేస్తారు.

ఇలాంటి పిల్లల గురించి టీచర్ల కోసమే బ్రిటన్ పరిశోధకులు ఉచితంగా ఆన్‌లైన్ పాఠాలు తయారుచేశారు. మేడమ్ అవి చదివారు. విన్న మాటను బుర్రలో పట్టి ఉంచుకుంటూనే దాంతో పని చేయడం ఈ పిల్లల్లో చాలామందికి కష్టం. "పుస్తకం తీసి, తేదీ వేసి, మూడో ప్రశ్న రాయండి" అంటే పుస్తకం తీసేసరికే మిగతాది జారిపోతుంది. అందుకని మేడమ్ ఒక్కో పని విడివిడిగా చెప్పి, బోర్డు మూల రాసి ఉంచేవారు. పరీక్షలో కాస్త ఎక్కువ టైమ్ ఇప్పించారు. ప్రశ్నలు మాత్రం అందరికీ ఇచ్చినవే. నాకు బాగా నచ్చింది ఇదే. జాలిపడి సులువు ప్రశ్నలు ఇచ్చి ఉంటే మార్కులు వచ్చేవి, చదువు వచ్చేది కాదు.

లెక్కల సార్ గురించి ఎంత చెప్పినా తక్కువే. నెలలు చాలా తక్కువగా పుట్టిన పిల్లలు ఎక్కువగా తడబడేది లెక్కల్లోనేనట. అంకెల మీద అవగాహన లేక కాదు, మెట్లు గుర్తుండక, అంకెలు వరసలో పడక. సార్ పాపకు గళ్ల నోట్‌బుక్ ఇచ్చి, గడికో అంకె వేయమన్నారు. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు కుదిరాక సగం తప్పులు వాటంతటవే పోయాయి. పది లెక్కలు ఇచ్చే చోట ఐదే ఇచ్చి, ప్రతి మెట్టూ రాయించేవారు.

బంతి పట్టలేదని ఆటల్లో ఎవరూ పాపను జట్టులో చేర్చుకునేవారు కాదు. పీటీ సార్ జట్లను తనే వేయడం మొదలుపెట్టారు. అంతే, ఆ గొడవ తీరిపోయింది. చెకప్‌లకని మానేసిన రోజుల నోట్స్ పంపిన తోటి తల్లులకూ థాంక్స్.

ఇంకో మాట. అనుకున్న తేదీకే పుట్టి ఉంటే పాప ఇప్పుడు ఒక క్లాసు కింద ఉండేది. బడిలో చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ ఒక్కటే చూస్తారు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తట్టదు. నెలలు నిండని పిల్లలందరికీ ఇబ్బందులు ఉంటాయని కాదు, ఏ ఇబ్బందీ లేనివాళ్లు చాలామంది ఉన్నారు. టీచర్‌కు ముందే తెలిస్తే మాత్రం, పిల్ల వెనకబడేదాకా ఆగక్కర్లేదు.

వచ్చే ఏడాది టీచర్ కోసం మేడమ్ ఒక పేజీ రాసిచ్చారు. పాపకు ఏం చేస్తే పనికొచ్చింది, ఏది పనికిరాలేదు, అన్నీ ఉన్నాయి. ముందు మాకు చూపించి, ఏమైనా తీసేయాలా అని అడిగారు. ఒక వాక్యం వద్దన్నాం, కొట్టేశారు. ఆ పేజీ నమూనా కావాలనుకునే తల్లిదండ్రులు అడగండి. పాప వివరాలు తీసేసి పంపిస్తాను, అందుకు మేడమ్ సరేనన్నారు.