మీరు ఎవరి తాలూకు?

నెల్లూరు,
11 నవంబరు 2021, రాత్రి

ఏమే నేస్తం,

పోస్టులో వేస్తే ఫలితాలొచ్చాక చేరుతుందని, కాగితం మీద రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను. ఫోనులో మాట్లాడదామంటే గొంతు లేదు. మూడు రోజులుగా వీధులు తిరిగి బొంగురుపోయింది. మిరియాల పాలు తాగి, తడిసిన చెప్పులు ఫ్యాను కింద పెట్టి కూర్చున్నాను. చెన్నైలోనూ ఇదే వాన కదా, జాగ్రత్త.

నువ్వు విన్నది నిజమే. కార్పొరేటర్‌గా నిలబడ్డాను. ఏ పార్టీ తరఫునా కాదు, స్వతంత్రంగా. "నీకేమైనా పిచ్చా?" అని అడగకు, అది మా అమ్మ అడిగేసింది. నాయనమ్మ అయితే, "బారాషహీద్ దర్గా దగ్గర ఉద్యోగం రొట్టె పట్టుకు రమ్మంటే, ఇదెవరిచ్చిన రొట్టెనే?" అంది. గుర్తుందా, రొట్టెల పండుగలో, తింటే కోరిక తీరుతుందని, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఇద్దరం ఒకే రొట్టెను చెరిసగం తిన్నాం. నీ సగానికి ఉద్యోగం వచ్చింది. నా సగం ఇలా తిరిగింది.

ఇరవై ఒక్కేళ్లు నిండితే పోటీ చేయవచ్చు, నాకు 23. మన రాష్ట్రంలో సగం స్థానాలు ఆడవాళ్లకే. ఈసారి మన మేయరు పదవి ఎస్టీలకు రిజర్వయింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ గోడల మీద పోస్టర్లు చూడాలి నువ్వు. అభ్యర్థి బొమ్మ రూపాయి బిళ్లంత, పక్కన ఆమె భర్త బొమ్మ పళ్లెమంత! 2014 తర్వాత మళ్లీ ఇప్పుడే ఎన్నికలు. ఇన్నాళ్లకు జరుగుతున్నాయి కదా, మొత్తం 54 డివిజన్లలోనూ హోరాహోరీగా ఉంటుందనుకున్నాను. ఉపసంహరణ గడువు ముగిసేసరికి ఎనిమిదింటిలో పోటీయే లేకుండా పోయింది. మన దాంట్లో ఉంది. అందులో నా వాటా కూడా ఉందని చెప్పుకుంటే తప్పా?

నామినేషన్ వేసింది దీపావళి మర్నాడు. ప్రతిపాదించేవాళ్లు మన డివిజన్ ఓటరే అయి ఉండాలి. పెద్దమనుషులనిపించుకునే ముగ్గురి గడప తొక్కాను. ముగ్గురికీ ఆ రోజే పొరుగూళ్లో పని పడింది. చివరికి సందు మొదట్లో ఇడ్లీలు వేసే పిన్ని ఉంది చూడు, ఆమె సంతకం పెట్టింది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, తడి ఆరలేదేమోనని మళ్లీ తుడుచుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి రాసింది. ఆ లోపల పెనం మీద ఒక దోసె మాడిపోయింది. "పోనీలే, అది నా చందా" అంది.

ఇక ప్రచారం. నమస్కారం పెట్టి పేరు చెప్పగానే ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న, "మీరు ఎవరి తాలూకు?" నీళ్ల గురించి కాదు, దోమల గురించి కాదు. మొదటి రోజు "ఎవరి తాలూకూ కాదండీ" అన్నాను. తలుపు సగం మూసుకునేది. రెండో రోజు "ఈ వీధి తాలూకు" అన్నాను. అది నాకే నాటకంలా వినిపించింది, మానేశాను. ఒక తాతగారు మాత్రం నేరుగా, "ఓటుకు ఎంతమ్మా?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. నా మీద జాలిపడి మంచినీళ్లిచ్చారు.

నాన్న సంగతి చెప్పాలి. మొదటి రోజు గొడుగు పట్టుకుని పక్కన నడిచారు. అందరూ ఆయనతోనే మాట్లాడారు, పోటీ చేస్తున్నది ఆయనే అన్నట్టు. రాత్రి ఆయన్ని కూర్చోబెట్టి రేపటి నుంచి రావద్దని చెప్పాను. చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు వానలో తిరుగుతుంటే, వీధికి అవతలి పక్కన, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నటిస్తూ అదే గొడుగు. నేను కదిలితే కదులుతుంది, ఆగితే ఆగుతుంది.

ఈ రోజు సాయంత్రం సంగతి రాయాలనే అసలు కూర్చున్నాను. చివరి సందులో ఒక అవ్వ ఇల్లు. గోడ మీద బొగ్గుతో అడ్డగీతలు, ఒకదాని మీద ఒకటి. మనవళ్ల ఎత్తు కొలిచారేమో అనుకుని "ఎవరు పొడుగవ్వా?" అన్నాను. నవ్వలేదు. అవి వానకు ఇంట్లోకి వచ్చిన నీళ్ల గీతలట. మంచం కోళ్లు నానిన ఏడాది ఇది, బియ్యం బస్తా తడిసిన ఏడాది ఇది అని వేలితో చూపించింది. మేమలా నిలబడి ఉండగానే నీళ్లు గడప దాటి వచ్చాయి. అవ్వ నా చేతికి బొగ్గు ముక్క ఇచ్చి, "నా నడుం వంగదు, ఈ ఏటిది నువ్వు గీయి" అంది. గీశాను. ఎవరి తాలూకని అడగలేదు. ఓటు వేస్తానని కూడా అనలేదు. బయటికి వచ్చాక, నేనూ ఓటు అడగడం మరిచిపోయానని గుర్తొచ్చింది. మంచి అభ్యర్థినే!

గెలుస్తానా అంటావా? చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే డిపాజిట్ దక్కుతుంది. నాన్న లెక్క అక్కడే ఆగింది. నా లెక్క అంతకంటే కాస్త పైన ఉంది, కానీ పైకి చెప్పను.

ఇంకో మాట. ఓటర్ల జాబితా పట్టుకుని వెళ్తుంటే మీ అమ్మగారింటి నంబరు దగ్గర నువ్వు కనిపించావు. పద్దెనిమిదేళ్ల ముఖం, రెండు జడలు, ఎవరో తిట్టినట్టు చూపు. నీ ఓటు ఇంకా ఇక్కడే ఉంది. సోమవారం, 15న పోలింగ్. చెన్నై ఎంత దూరమని, మూడు గంటలు. ఆదివారం రాత్రికే వచ్చెయ్యి. పోలింగ్ కేంద్రంలో నా తరఫున ఏజెంటుగా కూర్చోవడానికి మన డివిజన్ ఓటరు కావాలి. అడిగిన వాళ్లందరికీ ఆ రోజే పెళ్లిళ్లున్నాయి. ఉదయం ఏడింటికి మొదలు, ఇడ్లీలు పిన్ని పంపుతానంది. ఫారం మీద నీ పేరు రాసేశాను, సంతకం ఒక్కటే తక్కువ.

నీ
అభ్యర్థి